ఇంటిపేరు ఊరు వదిలాకే పుడుతుంది

సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది నెల్లూరు జిల్లా సర్వేపల్లిలో కాదు, తిరుత్తణిలో. గురజాడ అప్పారావు పుట్టింది కృష్ణా జిల్లా గురజాడలో కాదు, విశాఖ వైపున్న ఎస్.రాయవరంలో. కందుకూరి వీరేశలింగం రాజమండ్రి మనిషి. నందమూరి తారక రామారావుది నిమ్మకూరు. కాకర్ల త్యాగబ్రహ్మం, అంటే మన త్యాగరాజస్వామి, 1767లో పుట్టింది తంజావూరు సీమలోని తిరువారూరులో, ఆయన ఇంటిపేరులో ఉన్న కాకర్ల మాత్రం ప్రకాశం ప్రాంతంలో ఉంది. ఇలా రాసుకుంటూ పోతే పేజీలు నిండుతాయి. ఇంటిపేరు చెప్పే ఊరు ఒకటి, మనిషి పుట్టిన ఊరు ఇంకొకటి, ఎక్కువమందికి ఇంతే.

కారణం చాలా మామూలుది. ఊళ్లో ఉన్నంతకాలం ఆ ఊరి పేరుతో ఎవరినీ పిలవక్కర్లేదు, అందరిదీ ఆ ఊరే కదా. కరువొచ్చో, దండు వచ్చి పడో, అగ్రహారం దానంగా దొరికో, చెరువు కింద కొత్త భూమి సాగులోకి వచ్చో ఒక కుటుంబం మూటాముల్లె సర్దుకుని ఇంకో ఊరు చేరిందనుకోండి, అక్కడివాళ్లు మొదట అడిగేది "మీదే ఊరు?" అనే. చెప్పిన జవాబే వాళ్లకి గుర్తుగా మిగిలిపోతుంది. వచ్చింది ముగ్గురు అన్నదమ్ములైతే ముగ్గురి పిల్లలూ కందుకూరి వాళ్లే అవుతారు, రెండు తరాలు గడిచేసరికి కందుకూరు ఎటువైపు ఉందో తెలిసినవాళ్లు కూడా ఆ ఇంట్లో ఉండరు, పేరు మాత్రం ఉంటుంది. అందుకే తెలుగు ఇంటిపేరుని వంశం పేరు అనడం కంటే వలస గుర్తు అనడమే నిజానికి దగ్గరగా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. మీ ఇంటిపేరులో ఊరు ఉంటే, మీవాళ్లు ఎప్పుడో ఆ ఊరు వదిలి వచ్చినవాళ్లే అయ్యుంటారు.

దీన్నుంచి ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. ఒకే ఊరి నుంచి బ్రాహ్మణ కుటుంబమూ వెళ్లొచ్చు, కమ్మ కుటుంబమూ వెళ్లొచ్చు, సాలెల కుటుంబమూ వెళ్లొచ్చు, ముగ్గురికీ అదే ఇంటిపేరు వస్తుంది. పైగా ఒకే పేరుతో నాలుగైదు ఊళ్లుంటాయి మనకి. చిలుకూరు హైదరాబాద్ పక్కన ఒకటుంది, సూర్యాపేట జిల్లాలో ఇంకొకటుంది. కాబట్టి ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలమని అనుకోవడానికి లేదు, కులం కలిసిందనీ అనుకోవడానికి లేదు.

ఇప్పుడు ఊరి పేరు ఇంటిపేరుగా మారేటప్పుడు దాని చివర ఏం జరుగుతుందో చూడండి, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. నందమూరు నందమూరి అయింది, టంగుటూరు టంగుటూరి అయింది. దగ్గుబాడు దగ్గుబాటి అయింది. అన్నవరం అన్నవరపు అయింది. ఈ మార్పు ఇంటిపేర్ల కోసం ప్రత్యేకంగా పుట్టింది కాదు, రోజూ మాట్లాడే తెలుగులో ఉన్నదే. ఊరు, ఊరి చెరువు. ఏరు, ఏటి గట్టు. కాడు, కాటి కాపరి. బెల్లం, బెల్లపు అచ్చు. అంటే కందుకూరి వీరేశలింగం అన్నప్పుడు "కందుకూరు వాళ్ల వీరేశలింగం" అని చెప్తున్నామన్నమాట, "యొక్క" అనే అర్థం ఆ చివరి అక్షరంలోనే ఇమిడిపోయింది. గుర్రాల, ఆవుల, కందుల, చింతల లాంటి ఇంటిపేర్ల చివర ఉన్న "ల" కూడా అదే పని చేస్తుంది. పల్లి, పూడి, కొండ లాంటి మాటలు ఈ చోట మారవు కాబట్టి ముళ్ళపూడి ముళ్ళపూడిగానే ఉండిపోయింది. తెలుగులో ఇంటిపేరు ముందు ఎందుకొస్తుంది అని పిల్లలు అడిగితే చెప్పాల్సిన జవాబు ఇదే. "ఊరి చెరువు" అంటాం గానీ "చెరువు ఊరి" అనం. ఫారంలో మన ఇంటిపేరు తీసుకెళ్లి చివర పెడితే ఏదో అతకనట్టు అనిపించడానికి కారణం అలవాటు ఒక్కటే కాదు, వాక్యం మధ్యలో తెగిపోతుంది.

ఊళ్లు కాని ఇంటిపేర్లూ బోలెడు. యాగం చేసిన తాత బిరుదు సోమయాజుల, వాజపేయాజుల అని మనవళ్లకి దక్కింది. ఖజానా చూసిన ఇల్లు భండారు అయింది. నాయకుడనే మాట నాయని, నేని అయి అక్కినేని, మాకినేని, త్రిపురనేని లాంటి పేర్ల చివర కూర్చుంది. నిజాం ఏలుబడిలో దేశ్‌ముఖ్, దేశ్‌పాండే అనే పదవులు ఇంటిపేర్లలా స్థిరపడ్డాయి. ఇల్లు ఉన్న చోటును బట్టి పెద్దింటి, సందింటి. ఇక వంటిల్లూ అడవీ కలిసిన పేర్లు సరేసరి: పప్పు, ఉప్పు, బెల్లం, మిరియాల, గుమ్మడి, పులి, నక్క, కోడి, ఏనుగుల. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారి పొడవునా చూసిందల్లా రాసిపెట్టిన ఏనుగుల వీరాస్వామయ్య ఇంటిపేరు అదే. ఈ పేర్ల వెనక ఇంటింటికీ ఒక కథ చెప్తారు, తాతగారు పప్పు దానం చేశారనో, ముత్తాత పులిని చంపాడనో. వినడానికి బాగుంటాయి గానీ చాలావరకు పేరు వచ్చాక అల్లుకున్న కథలేనని నా అనుమానం.

పాతకాలంలో ఎలా ఉండేదో చూస్తే, మొదట కనబడేది తల్లి. మన నేలను ఏలిన శాతవాహన రాజులు గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అని తల్లి గోత్రంతో చెప్పుకున్నారు. 575 ప్రాంతంలో వేసిన కడప జిల్లా కలమళ్ల శాసనం మనకి దొరికిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటి, అందులో రాజు పేరు "ఎరికల్ ముతురాజు ధనంజయుడు". బిరుదు ముందు, సొంత పేరు తర్వాత. పదకొండో శతాబ్దపు నన్నయని మనం నన్నయభట్టు అంటామే తప్ప ఇంటిపేరుతో పిలవం. పదమూడో శతాబ్దానికి వచ్చేసరికి తిక్కన కొట్టరువు వారి తిక్కన. ఆ కాలానికే కాకతీయుల సామంతుల్లో రేచర్ల, మల్యాల, గోన లాంటి కుటుంబాల పేర్లు గట్టిగా నిలబడ్డాయి, 1213లో రామప్ప గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు. తాళ్ళపాక అన్నమయ్య 1408లో తాళ్ళపాకలో పుట్టి తిరుమల చేరాకే తాళ్ళపాక వారి సంకీర్తనలు అనే మాటకి అర్థం వచ్చింది.

కాకతీయుల నాటి దాన శాసనాలను గుదిగుచ్చి చదివిన చరిత్రకారులు తేల్చిన సంగతి ఒకటి అందరికీ తెలియాలి. ఇప్పుడు మనం కులం పేర్లుగా చదివే రెడ్డి, నాయుడు (అప్పటి నాయకుడు), సెట్టి, బోయ లాంటి తోకలు ఆ రోజుల్లో చాలావరకు హోదాలు, చేసే పనికి వచ్చిన పేర్లు. తండ్రికి ఒక బిరుదు, కొడుక్కి ఇంకో బిరుదు ఉన్న శాసనాలు కూడా ఉన్నాయి. సంపాదించుకున్న పదవి మెల్లగా పుట్టుకతో వచ్చే ఆస్తిగా మారింది. ఈ తోకలు అనాదిగా ఇలాగే ఉన్నాయని ఎవరైనా వాదిస్తే ఆ శాసనాలు చూపించొచ్చు.

ఊరు ఇంటిపేరు కావడం పాతకాలంతోనే ఆగిపోలేదు. 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు అసలు ఇంటిపేరు పుల్లంరాజు. బూర్గుల ఆయన ఊరు. ఊరు దాటి హైదరాబాద్‌లో పేరు తెచ్చుకున్నాక ఆ ఊరే ఆయన పేరులో ముందుకొచ్చింది.

కొత్త ఊరివాళ్లు అడిగే ప్రశ్న తర్వాత పెళ్లిళ్ల పేరయ్య అడిగే ప్రశ్న. ఊరు చెప్పడానికి పుట్టిన ఇంటిపేరు వావివరసలు చూసే పనిలోకి ఎప్పుడో దిగిపోయింది. చాలా కులాల్లో ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నదమ్ములతో సమానం, పిల్లనివ్వరు, తెచ్చుకోరు. బ్రాహ్మణుల్లో మాత్రం గోత్రమే లెక్క. ఇంటిపేరు ఒకటే అయినా గోత్రాలు వేరైతే సంబంధం కుదురుతుంది, ఇంటిపేర్లు వేరైనా గోత్రం ఒకటైతే కుదరదు. దత్తత వెళ్తే ఇంటిపేరు మారుతుంది, శ్రీశ్రీ పుట్టిన ఇంటిపేరు పూడిపెద్ది, దత్తత వల్ల వచ్చింది శ్రీరంగం. కాబట్టి ఇంటిపేరుని రక్తంతో ముడిపెట్టడం కూడా సగం నిజమే.

ఈ పెళ్లి లెక్క అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఆదిలాబాద్ గోండుల్లో. వాళ్లలో నాలుగు దేవతల వాళ్లు, ఐదు దేవతల వాళ్లు, ఆరు, ఏడు దేవతల వాళ్లు అని గుంపులుంటాయి, మెస్రం, ఆత్రం, మడావి, తొడసం లాంటి ఇంటిపేర్లు ఒక్కోటీ ఏదో ఒక గుంపు కిందకి వస్తాయి, ఒక గుంపులో వాళ్లు ఆ గుంపులో వాళ్లని పెళ్లాడరు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకి జరిగే నాగోబా జాతర మెస్రం వాళ్లది. హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చి నాగోబాకి పూజ చేస్తారు. ఆ జాతరలోనే భేటింగ్ అనే ఘట్టం ఉంటుంది. మెస్రం ఇంటికి కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లచీర కట్టుకుని, ముసుగు వేసుకుని వరసగా వచ్చి నాగోబాకి మొక్కుతారు, పెద్దలు వాళ్లని దేవుడికి పరిచయం చేస్తారు, ఆ తర్వాతే ఆ కోడలు పూర్తిగా మెస్రం మనిషి అయినట్టు లెక్క. ఇంటిపేరు మారడం అంటే ఇక్కడ కాగితం మీద సంతకం కాదు, వందలమంది చూస్తుండగా దేవుడి ముందు జరిగే చేరిక.

ఇంటిపేరు పక్కన పెట్టి సొంత పేరు దగ్గరికొస్తే, మన పాత పేర్లలో ఊరు కాదు, గుడి కనిపిస్తుంది. అప్పారావు, అప్పలనాయుడు, అప్పలకొండ, సింహాచలం అన్న పేరు వినగానే సింహాద్రి అప్పన్న ఏలే ఉత్తరాంధ్ర అని చెప్పేయొచ్చు. కోటయ్య, కోటేశ్వరరావు అంటే కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభలు కట్టే పల్నాడు వైపు. యాదయ్య, యాదమ్మ, యాదగిరి అంటే యాదగిరిగుట్ట. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న. రాజయ్య, రాజేశం అంటే వేములవాడ రాజన్న. నల్లగొండ, సూర్యాపేట వైపు హిందువుల ఇళ్లలోనే సైదులు, సైదమ్మ అన్న పేర్లు విరివిగా ఉంటాయి, అవి జాన్‌పహాడ్ దర్గాకి మొక్కుకుంటే పుట్టిన పిల్లల పేర్లు. గుంటూరు, నెల్లూరు వైపు మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రావు కూడా అలాంటివే. పిల్లల్లేని తల్లికి కొంగు పట్టడానికి ఏ గడపైనా ఒకటే అయింది, ఆ సంగతి వాళ్ల పిల్లల పేర్లలో ఇప్పటికీ చదువుకోవచ్చు. రాష్ట్రమంతా ఒకేలా ఉండే పేర్లు వచ్చాక ఈ ప్రాంతీయ గుర్తులు పోతున్నాయి, నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పుట్టిన పిల్లలు బతకని ఇళ్లలో పెంటయ్య, పెంటమ్మ అని పెట్టేవాళ్లు, పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి తీసుకునేవాళ్లు, విలువలేనిదని మృత్యువు వదిలేస్తుందని ఆశ. భిక్షం, భిక్షమయ్య, బిచ్చయ్య అన్నవీ అంతే, అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ అని. ఈ పేర్లను నాటుపేర్లని ఎవరైనా నవ్వితే నాకు కోపమొస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి భయం అందులో ఉంది. ఇక తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఉంది కదా, కోడలేమో మామగారి పేరు నోటితో పలకకూడదు, మరి కొడుకుని ఎలా పిలవాలి? చిన్నోడా, బాబూ, బుజ్జీ. రికార్డులో ఒక పేరు, ఇంట్లో ఇంకో పేరు ఉండటానికి ఇది పెద్ద కారణం.

పేరు పెట్టుకునే హక్కు అందరికీ ఒకేలా లేదన్నది దాటేయకూడని విషయం. ఊళ్లో ముగ్గురికీ మల్లన్న పేరే పెట్టినా ఒకరు మల్లారెడ్డి, ఒకరు మల్లయ్య, ఒకరు మల్లిగాడు. పేరు చివరున్న ఆ రెండు అక్షరాలే మనిషి ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ నిలబడాలో చెప్పేవి. దానికి ఎదురు నిలబడినవాళ్లలో భాగ్యరెడ్డి వర్మ ముందుంటారు. 1888లో హైదరాబాద్‌లో మాదరి భాగయ్యగా పుట్టారు. కుటుంబ గురువు మాట మీద పేరులో రెడ్డి చేరింది, ఈ నేలకి అసలు యజమానులు దళితులే కాబట్టి ఏలినవాళ్లని సూచించే మాట వాళ్లకే చెందాలన్నది అక్కడి వాదం. 1913లో ఆర్యసమాజం వర్మ అనే బిరుదు ఇచ్చింది. 1917లో బెజవాడలో పంచమ మహాసభగా మొదలైన సభకి ఆయనే అధ్యక్షుడు, అక్కడే పంచములమనే, అంటే నాలుగు వర్ణాల బయటి ఐదోవాళ్లమనే, మాట వదిలేసి ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నారు. నెల్లూరు జిల్లాలో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య చేసింది పైకి దీనికి ఉల్టా, సుందరరామిరెడ్డి అన్న పేరులోంచి రెడ్డి తీసేశారు. ఒకరు తోక తగిలించుకున్నారు, ఇంకొకరు తెంచుకున్నారు, ఇద్దరూ కొట్టింది ఆ మెట్ల వరసనే. ఇప్పుడు తోక తీసేసి ఇంటిపేరు ఒక్కటే ఉంచుకుంటే కులం కనబడదనుకునేవాళ్లున్నారు, హైదరాబాద్‌లో అది కొంతవరకు నిజం, సొంత జిల్లాలో మాత్రం ఇంటిపేరు వినగానే లెక్క కట్టేస్తారు.

ఆడవాళ్ల సంగతి ఇంకో రకం. వాళ్ల ఇంటిపేరు ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంటి పేరే. తెలుగులో తొలితరం కథా రచయిత్రి భండారు అచ్చమాంబ, విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు సొంత అక్కాతమ్ముళ్లు, తెలియనివాళ్లకి ఆ పేర్లు చూస్తే ఆ చుట్టరికం కనబడదు. గుమ్మడిదల దుర్గాబాయి 1953లో పెళ్లయ్యాక దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయ్యారు, ముందున్న ఇంటిపేరు పోయి వెనక ఇంకొకటి వచ్చింది. పెళ్లయితే పేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. పిల్లల ఇంటిపేరు మీద కూడా 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ కుటుంబం కేసులోనే సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, బిడ్డకి కొత్త కుటుంబం ఇంటిపేరు పెట్టింది. పాత ఇంటిపేరే ఉంచాలని, రికార్డుల్లో ఇప్పటి భర్తని మారుతండ్రిగా చూపించాలని హైకోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, తండ్రి లేనప్పుడు బిడ్డకి సహజ సంరక్షకురాలు తల్లే కాబట్టి ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదే అంది, మారుతండ్రి అని రాయించడం బిడ్డ మనసు మీద ఎంత భారమో చూడని క్రూరత్వం లాంటిదని కూడా అంది.

ఇక గుమస్తా అడిగే ప్రశ్న. టర్కీలో 1934లో చట్టం చేసి మరీ అందరికీ ఇంటిపేర్లు పెట్టించారు, మనకి అలాంటిది జరగలేదు, బడి రిజిస్టర్లు, భూమి కాగితాలు, పరీక్ష సర్టిఫికెట్లు మెల్లమెల్లగా పేరుని బిగించాయి. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరానికి కుదించుకుపోయింది. పాములపర్తి వెంకట నరసింహారావు పి.వి. అయ్యారు. తమిళనాట ఆ పొడి అక్షరం తండ్రి పేరుది, మనకేమో ఇంటిపేరుది, అందుకే అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు చాలామందికి ఇంటిపేరు పెళ్లి సంబంధాలప్పుడు తప్ప అక్కర్లేకుండా పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో కూలీలుగా మారిషస్ వెళ్లినవాళ్లలో చాలామందికి వెళ్లిన తాత ఒంటి పేరే తర్వాతి తరాలకి ఇంటిపేరైంది. అమెరికా వెళ్లినవాళ్లకి లాస్ట్ నేమ్ గడి ఎదురైంది, నాదెళ్ల సత్యనారాయణ సత్య నాదెళ్ల అయ్యారు.

అసలు టెన్షన్ ఈ గడుల దగ్గరే. మన పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు గడులుంటాయి. మొత్తం పేరు ఒకే గడిలో రాసి సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో మొత్తం పేరు సర్‌నేమ్ కింద పడి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని, అంటే మొదటి పేరు తెలియదని, అచ్చవుతుంది. అక్కడి లైసెన్సు మీదా బ్యాంకు కార్డు మీదా అదే ఎక్కుతుంది. పాస్‌పోర్టులో ఒంటి పేరున్నవాళ్లకి 2022 నవంబర్ 21 నుంచి విజిట్ వీసా మీద ప్రవేశం లేదని యూఏఈ అంది, తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని సడలించింది. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప నుంచి గల్ఫ్‌కి వెళ్లే కుటుంబాలకి ఇది చిన్న విషయం కాదు.

ఇంట్లో ఇప్పుడే బిడ్డ పుట్టి ఉంటే చేయాల్సింది ఇది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకి బర్త్ సర్టిఫికెట్టే బడికీ పాస్‌పోర్టుకీ మూలం. అందులో పేరు లేకుండా కూడా పుట్టుక నమోదు చేయించొచ్చు, ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా రుసుము కట్టి పేరు చేర్పించుకోవచ్చు, కాబట్టి తొందరపడక్కర్లేదు. పెట్టేటప్పుడు మాత్రం ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి, ఇంగ్లీషు స్పెల్లింగ్ అమ్మానాన్నల ఆధార్‌లో ఉన్న ఇంటిపేరుతో ఒక్కో అక్షరం సరిచూసుకోండి, ఎవరి ఇంటిపేరు పెట్టాలన్నది ఆఫీసులో గుమస్తా అడిగినప్పుడు కాకుండా ఇంట్లో ఇద్దరూ కూర్చుని ముందే మాట్లాడుకోండి.